పదకొండు మంది పర్యవేక్షణలో ఏకాంతం

మా మండలిలో పనిచేసేవాళ్ళం కళ్ళతో చూడనిది దేన్నీ నమ్మం. జీడిపప్పు ప్రమాణాల మండలి అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: పప్పు గుండు అయితే గుండు అనీ, బద్ద అయితే బద్ద అనీ, ముక్క అయితే ముక్క అనీ డబ్బా మీద ముద్ర వేయించడం మా పని. పాయసం వండేటప్పుడు ఇంట్లో ఎవరైనా రెండు నిమిషాల్లో చేసేసే ఈ పనికి ఒక మండలి, ఒక మేనేజింగ్ డైరెక్టరు, రెండంతస్తుల భవనం, ఒక జీపు ఎందుకని బయటివాళ్ళు అడుగుతుంటారు. వాళ్ళకు పరిపాలన గురించి ఏం తెలుసు?

మాకు ముఖ్యమైన సూత్రాలు మూడు. ఒకే డబ్బాలో రెండు గ్రేడులు కలవకూడదు. అధికారి కళ్ళారా చూడనిదే సర్టిఫికెట్ ఇవ్వకూడదు. మూడోది కొంచెం కఠినం. పరిశీలనలో ఉన్న డబ్బాలో వేరే గ్రేడు పప్పు ఒక్కటి కనిపించినా సరే, తక్షణం పరిశీలన ఆపేసి, డబ్బాను దాని యజమానికే వదిలేసి, దొరికిన మొదటి బండి ఎక్కి వచ్చేయాలి. వెనకటికి కొందరు ఇన్‌స్పెక్టర్లు డబ్బాను తిరస్కరించాక కూడా ఫ్యాక్టరీలోనే ఉండిపోయి, యజమాని పెట్టిన భోజనం తిని, సాయంత్రానికల్లా ముక్కల్లో గుండ్లను చూడడం మొదలుపెట్టారట. అప్పటినుంచి మంచినీళ్ళు కూడా ముట్టకుండా బయల్దేరాలని నియమం వచ్చింది.

ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షను సూపరింటెండెంటుగా ఈ మూడూ నాకు కంఠస్థం. దమయంతిగారి విదేశ ప్రయాణం విషయంలో మండలి వీటిని అక్షరం పొల్లుపోకుండా పాటించిందని ఎక్కడైనా చెప్పగలను.

దమయంతిగారు మా గ్రేడింగ్ ఆఫీసరు. వియత్నాంలో జరిగే జీడిపప్పు సదస్సుకు ఆవిడ పేరు ఖరారైంది. నిజానికి ఎం.డి. గరుడాద్రిగారే వెళ్ళాల్సింది. కానీ జీడిపప్పు గురించి తెలిసినవాళ్ళనే పంపాలని నిర్వాహకులు మొండిపట్టు పట్టడంతో మా పై అధికారులెవరికీ అర్హత లేకపోయింది.

సరిగ్గా అప్పుడే రాజధాని నుంచి ఒక సర్క్యులర్ దిగింది. ఉద్యోగుల మానసిక ఉల్లాసం మీద ప్రభుత్వానికి ప్రేమ పుట్టిన ఏడాది అది. అంతకు ముందటి ఏడాది యోగా మీద పుట్టింది, ఆ ముందటి ఏడాది మొక్కల మీద. పని మీద విదేశాలకు వెళ్ళిన ఉద్యోగి తిరిగివచ్చే ముందు సొంత ఖర్చుతో కొన్నాళ్ళు అక్కడే విహరించవచ్చునట. అయితే ఒంటరిగా విహరించాలట. ఒంటరిగా విహరించినట్టు సంబంధిత కార్యాలయం ధ్రువీకరించాలట.

అది చదివి దమయంతిగారు నాలుగు రోజుల సెలవుకు దరఖాస్తు పెట్టారు. ఆవిడ మొహంలో అంత వెలుగు అంతకు ముందు నేను చూడలేదు. వాళ్ళ ఇల్లు నాకు తెలుసు. అత్తగారు, ఆడపడుచు, ఇద్దరు పిల్లలు, పెళ్ళికాని మరిది, అందరూ మంచివాళ్ళే, అందరూ ఎప్పుడూ ఇంట్లోనే ఉంటారు. ఆవిడ స్నానానికి వెళ్ళినా తలుపు అవతలినుంచి ఎవరో ఒకరు "చార్జరు ఎక్కడుంది?" అని అడుగుతూనే ఉంటారు. ఆఫీసులో చూస్తే ఒక గదిలో ఆరు బల్లలు, ఆవిడ బల్లకు ఆనుకుని నాది. నేనూ రోజుకు ఒకటి రెండుసార్లు "ఏమిటండీ ఆలోచిస్తున్నారు?" అని పలకరిస్తుంటాను. పక్క మనిషిని పలకరించకపోతే ఏం బాగుంటుంది?

ఎం.డి. గారు సమావేశం పిలిచారు. ఆయన మాట్లాడితే ఫైలు చదువుతున్నట్టే ఉంటుంది.

"పర్యటన అనునది ప్రభుత్వ గ్రేడు, విహారం అనునది ప్రైవేటు గ్రేడు. ఒకే ప్రయాణమనే డబ్బాలో ఈ రెండూ కలియుట మన మూలసూత్రమునకు విరుద్ధము. అయిననూ సర్క్యులర్ వచ్చియున్నది గనుక కాదనుటకు వీలులేదు. దమయంతిగారూ, సదరు నాలుగు దినములలో మీరచట ఏమి చేయ సంకల్పించితిరి?"

"ఏటీ చెయ్యనండి" అన్నారు దమయంతిగారు.

"అనగా?"

"ఒక చిన్న దీవి ఉందటండి. సముద్రం ఒడ్డున కూర్చుంటాను. టీ తాగుతాను. అంతేనండి."

విజిలెన్స్ ఆఫీసరు ముకుందంగారు కుర్చీలో ముందుకు జరిగారు. ఆయన అనుమానంతోనే పుట్టారని మా ఆఫీసులో చెప్పుకుంటారు. "సార్, ఏమీ చెయ్యకపోవడం మన కార్యాలయ విధుల్లోకి వస్తుంది. సెలవులోనూ అదే చేస్తే సెలవుకీ డ్యూటీకీ తేడా ఏముంది? గ్రేడులు కలిసిపోవూ?"

అందరూ సర్క్యులర్‌ను మళ్ళీ ఒకసారి తిరగేశారు. చివరికి ఎం.డి. గారే దారి చూపించారు. కూర్చోవడాన్ని సముద్ర వీక్షణం అనీ, టీని స్థానిక పానీయ పరిచయం అనీ రాయమన్నారు. అప్పుడది ఏదో చేసినట్టే అవుతుంది కాబట్టి ఆఫీసు పనితో కలవదు.

"ఇక ధ్రువీకరణ విషయము" అన్నారు ఎం.డి. గారు. "ఈమె ఒంటరిగానే యుండెనని మనము సంతకము చేయవలెను. చూడనిదే సంతకము చేయుట మన వంశమున లేదు. కావున ఒక పరిశీలకుడు వెంట వెళ్ళవలసియున్నది."

దమయంతిగారు నా వైపు చూశారు. నేను ఫైలు వైపు చూశాను.

"సార్, ఎవరైనా నాతో వస్తే నేనిక ఒంటరిగా ఎలాగుంటానండీ?"

ఈ ప్రశ్న ఎవరో ఒకరు వేస్తారని ఎం.డి. గారికి ముందే తెలుసు. ఆయన చిరునవ్వు నవ్వారు. "డబ్బాలోని పప్పును ఇన్‌స్పెక్టరు లెక్కించునపుడు తనను కూడా పప్పుగా లెక్కించుకొనునా?"

"లెక్కించుకోడండి."

"అదియే. చూచువాడు లెక్కలోనికి రాడు."

అంత చక్కటి తీర్పు మా మండలి చరిత్రలో లేదు. నేను మినిట్స్‌లో దాని కింద గీత గీశాను.

తరవాత అంతా దానంతటదే జరిగిపోయింది. పరిశీలకుడిగా ముకుందంగారు ఎంతో విచారంగా ఒప్పుకున్నారు. అయితే ఒక స్త్రీ మీద పురుషుడొక్కడే కన్నేసి ఉండడం బాగుండదు కాబట్టి డిస్పాచ్ సెక్షనులోంచి ఇద్దరు మహిళా ఉద్యోగులను చేర్చారు. మా సర్టిఫికెట్లకు రెండు శాఖల సంతకాలు కావాలి కాబట్టి అకౌంట్స్ ఆఫీసరు చేరారు. అకౌంట్స్ ఆఫీసరు విదేశంలో ఏం రాస్తాడోనని లీగల్ అడ్వైజరు చేరారు. అందరి మీదా పై సంతకం పెట్టడానికి ఎం.డి. గారు తప్పలేదు. ఒంటరితనమంటే ఏమిటో అనుభవం ఉన్న నిపుణులు ఒకరైనా ఉండాలని లీగల్ అడ్వైజరు సూచించగా, ఎం.డి. గారు ఎప్పుడూ క్యాంపుల్లోనే ఉంటారు కాబట్టి ఆయన భార్య రాజ్యలక్ష్మిగారికి ఆ అర్హత పుష్కలంగా ఉందని తేలింది. ఆవిడ ఒంటరిగా ప్రయాణం చెయ్యలేరు కాబట్టి తమ్ముడు తోడు వచ్చారు. ఫొటోగ్రాఫరు, వంటమనిషి, మినిట్స్ రాయడానికి నేను. వెరసి పదకొండు మందిమి. దమయంతిగారి సెలవు మాత్రం సొంత ఖర్చే. ఆ విషయంలో ప్రభుత్వ ధనం ఒక్క పైసా దుర్వినియోగం కాకుండా ముకుందంగారు గట్టిగా చూసుకున్నారు.

సదస్సు జరిగిన హోటలు ఒక పెద్ద నది పక్కన ఉంది. దమయంతిగారి గది కిటికీలోంచి ఆ నది, దాని మీద దీపాల పడవలు కనిపిస్తున్నాయని ముకుందంగారు చేరిన గంటలోనే పసిగట్టారు. ప్రభుత్వ కాలంలో ప్రకృతి దృశ్యం చూస్తే గ్రేడు కల్తీ అయినట్టే. ఆయన ఇంటి దగ్గరే భార్యనడిగి తెచ్చుకున్న పిన్నీసులతో కిటికీ తెరలను కలిపి కుట్టినంత పని చేశారు. ఒకరోజు భోజనాల దగ్గర ఎవరో బ్రెజిల్ ప్రతినిధి ఏదో చెప్తే దమయంతిగారు పకపకా నవ్వారు. విచారణ జరిగింది. ఆ జోకు జీడిపిక్కల మీదని తేలడంతో దాన్ని అధికారిక నవ్వుగా పరిగణించి వదిలేశాం.

పాపం, ఆవిడ అన్నీ ఓర్చుకున్నారు. తన ప్రసంగం తాను ఇచ్చారు, చప్పట్లు కొట్టించుకున్నారు, ఎవరితోనూ తగువు పెట్టుకోలేదు. "అయిపోనీండి సూపరింటెండెంటు గారూ. దీవికెళ్ళాక ఇంక నా నాలుగు రోజులు నావే కదండీ" అన్నారు నాతో. నిజమే అన్నాను నేను కూడా.

సదస్సు ముగిసిన మర్నాడు అందరం పడవలో దీవికి చేరుకున్నాం. రేవులో దిగగానే ఎం.డి. గారు గొంతు సవరించుకున్నారు.

"శ్రీమతి దమయంతిగారూ! ఈ క్షణము నుండి మీరు ఒంటరి వారని మండలి తరఫున ప్రకటించుచున్నాను."

మేమంతా చప్పట్లు కొట్టాం. రాజ్యలక్ష్మిగారు ఆవిడ నుదుట బొట్టు పెట్టారు.

ఆ ఒడ్డున ఒక చెక్క బెంచీ ఉంది. ఎదురుగా ఆకుపచ్చటి నీళ్ళు, దూరంగా గుండ్రటి బుట్టల్లాంటి పడవలు. దమయంతిగారు చెప్పులు విప్పి బెంచీ మీద కూర్చుని, గట్టిగా ఊపిరి పీల్చుకుని కళ్ళు మూసుకున్నారు. మళ్ళీ తెరిచేసరికి మేం మూడు బారల దూరంలో చుట్టూ వలయంగా కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. గ్రేడింగ్ బల్లకూ ఇన్‌స్పెక్టరుకూ ఉండాల్సిన దూరం అదే. వెనకాల రెండు కొబ్బరిచెట్ల మధ్య మేం ఇక్కడినుంచే తీసుకెళ్ళిన ఫ్లెక్సీ కట్టించాం. "ఒంటరి విహార పరిశీలనా బృందం" అని పెద్దక్షరాలు, ఒక పక్క ఎం.డి. గారి ఫొటో, ఇంకో పక్క జీడిపండు. మధ్యలో దమయంతిగారి ఫొటోకు చోటు చాలలేదు.

గంటకోసారి ముకుందంగారు వలయం దాటకుండా నిలబడి అడిగేవారు.

"ప్రస్తుతం ఒంటరిగా ఉన్నారా?"

"ఉన్నానండి."

"మీకు ఎలా ఉంది?"

"గంట కిందట ఎలాగుందో అలాగే ఉందండి."

హోటలు కుర్రాడు టీ తెస్తుంటే వలయం దగ్గరే ఆపేశాం. ఎవరైనా ఆవిడ పక్కకు వెళితే వేరే గ్రేడు కలిసినట్టు కదా! ఆ టీని ముకుందంగారు తీసుకుని, చెయ్యి చాపి, మొహం పక్కకు తిప్పుకుని అందించారు. మధ్యాహ్నం ఒక కుక్క వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర పడుకుంది. కుక్క తోడు కిందికి వస్తుందా రాదా అని లీగల్ అడ్వైజరును అడిగాం. పెంపుడుదైతే వస్తుంది, వీధిదైతే రాదు అన్నాడు. పెంపుడుదో వీధిదో తేల్చడానికి రాజ్యలక్ష్మిగారి తమ్ముడు ఆ కుక్క వెంట పడి ఊరంతా తిరిగి, కరిపించుకుని వచ్చాడు. వీధిదేనని అందరం ఊపిరి పీల్చుకున్నాం.

దారిన పోయే టూరిస్టులు ఆగి ఫొటోలు తీసుకునేవాళ్ళు. ఎవరో పెద్ద మంత్రిగారని కొందరు అనుకున్నారు. జైలు నుంచి సెలవు మీద వచ్చిన మనిషి అయి ఉంటుందని ఇంకొందరు అనుకున్నారు. రాజ్యలక్ష్మిగారు మాత్రం వలయం అవతలినుంచి కబుర్లు చెబుతూనే ఉన్నారు. "ఒంటరిగా ఉండడం చాలా కష్టమమ్మా, నాకు తెలుసు. పులిహోర పెట్టనా?"

మొదటిరోజు అలా గడిచింది. రెండోరోజు దమయంతిగారు పొద్దున్నే లేచి గబగబా దీవి అవతలి ఒడ్డుకు నడిచారు. మేమూ కుర్చీలు మోసుకుంటూ నడిచాం. ఆవిడ ఒక రాయి చాటుకు వెళ్ళారు. మేం రాయికి అన్ని వైపులా సర్దుకున్నాం. ఆవిడ నీళ్ళలోకి మోకాళ్ళ లోతు దిగారు. ముకుందంగారికి ఈత రాదు, అయినా కర్తవ్యం కోసం ప్యాంటు మడిచి నిలబడ్డారు. కాసేపటికి ఆవిడ బయటికి వచ్చి ఇసుకలో కూలబడి, రెండు చేతుల్లో మొహం దాచుకున్నారు. ఏడుస్తున్నారని తెలుస్తూనే ఉంది. అకౌంట్స్ ఆఫీసరు దాన్ని ఉల్లాసం కింద రాయాలా వద్దా అని నన్ను అడిగాడు.

ఆ సాయంత్రం మినిట్స్ మీద ఆవిడ సంతకం కోసం వలయం దాటడానికి నాకు ప్రత్యేకానుమతి దొరికింది.

"నలభై ఆరేళ్ళొచ్చాయండీ నాకు" అన్నారు దమయంతిగారు సముద్రం వైపే చూస్తూ. "చిన్నప్పుడు ముగ్గురు అక్కల మధ్యలో పడుకునేదాన్ని. తరవాత హాస్టలు. తరవాత అత్తోరిల్లు. మా వాళ్ళంటే నాకు ప్రాణమేనండి, అది కాదు. పక్కన ఎవరూ లేకుంటే నేను ఎలాగుంటానో ఒక్కసారి చూసుకుందామనుకున్నాను. ఇప్పుడు చూస్తే మా అత్తగారే నయమండీ. ఆవిడ రాత్రయితే పడుకుంటాది."

మనసులో జాలి వేసిన మాట నిజం. కానీ సూపరింటెండెంటును కదా, ఏం చెయ్యగలను? ధైర్యంగా ఉండండి, ఇంకా రెండు రోజులే కదా అన్నాను. అలా అనకుండా ఉండాల్సింది.

ఆవిడ మినిట్స్ మీద సంతకం పెట్టి ఇచ్చారు. తరవాత ఉన్నట్టుండి అడిగారు. "సూపరింటెండెంటు గారూ, డబ్బాలో వేరే గ్రేడు పప్పు ఒకటి కనిపిస్తే మనం ఏటి చేస్తామండీ?"

ఇలాంటి ప్రశ్న వస్తే నాకు హుషారు. "ఏం చేస్తాం! పరిశీలన అక్కడికక్కడ రద్దు. డబ్బాను యజమానికే వదిలేసి, మంచినీళ్ళు కూడా ముట్టకుండా దొరికిన మొదటి బండి ఎక్కి వచ్చేయడమే."

"ఆ తరవాత ఆ డబ్బా సంగతి?"

"మనకేం సంబంధమండీ? దాన్ని ఏం చేసుకున్నా యజమాని ఇష్టం."

"అవునండీ" అన్నారు దమయంతిగారు. ఆ రెండు రోజుల్లో ఆవిడ నవ్వడం అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున వలయం మామూలుగానే కూర్చుంది. ఎం.డి. గారు పేపరు చదువుతున్నారు. రాజ్యలక్ష్మిగారు మధ్యాహ్నం ముత్యాల బజారుకు వెళ్ళడానికి అందరినీ ఒప్పిస్తున్నారు. ఒడ్డు వెంబడి ఒక ముసలావిడ పనసతొనల బుట్ట పట్టుకుని వస్తోంది, తల మీద కోసుగా ఉండే తాటాకు టోపీ. ముందు రోజు కూడా వచ్చింది. చేతులు ఊపి పంపేశాం. ఈసారి మేం చేతులు ఊపేలోగా దమయంతిగారు బెంచీ మీద ఒక పక్కకు జరిగి, ఖాళీ అయిన చోట అరచేత్తో తట్టి చూపించారు.

ముసలావిడకు మా సూత్రాలు తెలియవు. అలిసిపోయి ఉన్నట్టుంది. తిన్నగా ఇద్దరి కుర్చీల మధ్యలోంచి వచ్చి, బుట్ట దించి, హమ్మయ్య అన్నట్టు దమయంతిగారి పక్కన కూలబడింది. ఒక తొన తీసి చేతిలో పెట్టింది. దమయంతిగారు నోట్లో వేసుకున్నారు. ఇద్దరూ సముద్రం వైపు చూస్తూ కూర్చున్నారు. ఒకరి భాష ఒకరికి రాదు కాబట్టి ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు.

ఎం.డి. గారి చేతిలోంచి పేపరు జారిపోయింది.

"ముకుందం! డబ్బాలో ముక్క!"

ముకుందంగారు మొహం వెలవెలబోయినా ఆశ వదల్లేదు. "సార్, ఆ ముసలమ్మను కూడా పరిశీలకురాలిగా తీసేసుకుంటే? చూచువాడు లెక్కలోకి రాడు కదండీ."

"ఆమె ఈమెను చూచుచున్నదా? సముద్రమును చూచుచున్నది! కళ్ళారా కనిపించుచుండగా కాదందుమా? మన సూత్రములేమి కావలె?"

సూత్రాల విషయంలో గరుడాద్రిగారు మహా నిక్కచ్చి మనిషి. ఆ మాట ఎవరైనా ఒప్పుకోవాల్సిందే. ఆయన లేచి నిలబడి, బరువైన గొంతుతో తీర్పు చెప్పారు. దమయంతి అను ఉద్యోగిని ఒంటరి గ్రేడు కోల్పోయినది. పరిశీలన ఈ క్షణమే రద్దు. ఆమె విహారం ఇకపై మామూలు సెలవు మాత్రమే. అందులో ఆమె ఎవరితో ఉన్నా, ఎవరితో లేకున్నా మండలికి ఎట్టి సంబంధమూ ఉండదు.

"మరి ముత్యాలు?" అన్నారు రాజ్యలక్ష్మిగారు.

"మొదటి బండి!" అన్నారు ఎం.డి. గారు.

వంటమనిషి పొయ్యి మీదున్న టీ కింద పారబోశాడు. ఫ్లెక్సీ విప్పాం, కుర్చీలు మడిచాం. మంచినీళ్ళు కూడా ముట్టకుండా పదకొండు మందిమీ రేవుకు పరుగెత్తాం. పడవ బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. ఎక్కబోతూ నేను ఒకసారి వెనక్కి చూశాను. దమయంతిగారు నా వైపు చెయ్యెత్తి ఊపారు. ఆఫీసులో పదేళ్ళుగా పక్క బల్ల మీద ఉన్నాం, ఆవిడ నాకు అంత ప్రేమగా వీడ్కోలు చెప్పడం అదే మొదలు.

పడవ కదిలాక ముసలావిడ లేచింది. బుట్ట నడుముకు ఆనించుకుని, ఒడ్డు వెంబడి తన దారిన తాను వెళ్ళిపోయింది. దమయంతిగారు కాళ్ళు రెండూ బెంచీ మీదికి ఎత్తుకుని, వెనక్కి వాలారు. హోటలు కుర్రాడు టీ తెచ్చి పక్కన పెట్టి వెళ్ళాడు. చుట్టూ మనిషన్నవాడు లేడు.

"ఏమి చేయుచున్నది?" అని అడిగారు ఎం.డి. గారు, అటు తిరగకుండానే.

"ఒంటరిగా ఉన్నారండి" అన్నాను.

"ఎవరు ధ్రువీకరించిరి?"

నేను మినిట్స్ పుస్తకం మూసేశాను. ఆయన అన్నది నిజమే. ఆ పూట ఆ బెంచీ దగ్గర మండలి తరఫున అధికారి ఎవరూ లేరు. కాబట్టి మా రికార్డుల్లో దమయంతిగారు ఈనాటికీ ఒక్క నిమిషం కూడా ఒంటరిగా లేరు.